చేపల తొట్టికి దాచిన నీరు

మా ఇంటి చేపల తొట్టి అద్దం మీద ఒక నల్లని గీత ఉంది. నీటి మట్టం ఎక్కడి వరకు ఉండాలో గుర్తుగా మా చిన్నమ్మాయి గీసిన గీత అది. సూర్యదేవాలయంతో పేరుపొంది, ఇప్పుడు శ్రీకాకుళం నగరంలో కలిసిపోయిన అరసవల్లిలో మేము నివసిస్తున్నాము. సముద్రం దూరం కాదు. నాగావళి అంతకంటే దగ్గర. అయినా వేసవి వచ్చిందంటే ఆ గీతకూ నీటికీ మధ్య ఎడం ప్రతి ఉదయం కొంత పెరిగి కనిపిస్తుంది. ఆ ఎడాన్ని నింపడం ఎంత చిన్న పని! బకెట్టుతో కుళాయి నీరు తెచ్చి పోస్తే సరిపోతుందని మేమూ చాలాకాలం అనుకున్నాము.

2018లో రమజాన్ మాసం మే నెల నడుమ ఆరంభమైంది. ఎండలు మండుతున్నాయి. ఉపవాసాల హడావుడిలో పది రోజులు తొట్టి వైపు ఎవరమూ చూడలేదు. ఒక సాయంకాలం ఇఫ్తార్‌కు ఇంకా గంట ఉందనగా, గీతకు నాలుగు వేళ్ళ కిందికి జారిన నీటిని చూసి, అప్పుడే వస్తున్న కుళాయి నీటిని బకెట్టుతో పట్టి గబగబా నింపాము. ఆ రోజు నీటిలో బ్లీచింగ్ పౌడర్ వాసన ఘాటుగా ఉన్న సంగతి ముక్కుకు తెలిసింది గానీ మనసుకు తట్టలేదు. తరావీహ్ నమాజ్ నుండి తిరిగి వచ్చేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరచి గాలి మింగుతున్నాయి. సహరీకి లేచి చూస్తే మూడు గప్పీలు, ఒక గోల్డ్‌ఫిష్ చనిపోయి ఉన్నాయి.

"మనం నీళ్ళే కదా పోశాం, అబ్బా?" అని అడిగింది అమ్మాయి. ఆ ప్రశ్నకు ఆ వేకువన మా వద్ద జవాబు లేదు.

హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ అనే బాలునికి ఒక చిన్న పిట్ట ఉండేదనీ, అది చనిపోయి ఆ బాలుడు దిగులుగా ఉన్నప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఆ పిట్టను గురించి ఆప్యాయంగా పలకరించారనీ హదీసు గ్రంథాలలో ఉంది. పసివారి పెంపుడు ప్రాణి పోవడం పెద్దలకు చిన్న విషయమే. ఆయనకు మాత్రం అది చిన్నదిగా కనిపించలేదు. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు వెదకాలని నిశ్చయించుకున్నాము. ఆ వెదుకులాటలో తెలిసినదీ, తరువాత మా ఇంట అలవాటైనదీ ఈ వ్యాసంలో పాఠకులతో పంచుకుంటున్నాము.

గీత కిందికి దిగిన నీరు

ముందుగా, తొట్టిలో తగ్గినది ఏమిటి? కేవలం నీరు. ఆవిరై పోయేది స్వచ్ఛమైన నీరు మాత్రమే. అందులో కరిగి ఉన్న సున్నం, మెగ్నీషియం, ఉప్పు, చేపల విసర్జన నుండి పుట్టిన నైట్రేట్లు ఏవీ ఆవిరితో పాటు పోవు. మా జిల్లాలోనే సంతబొమ్మాళి మండలం నౌపడ ప్రాంతంలో ఉప్పు మళ్ళను చూసినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మడిలోకి ఉప్పునీటిని వదులుతారు, ఎండ నీటిని తాగేస్తుంది, ఉప్పు మిగులుతుంది. తగ్గిన కొద్దీ అదే నీటిని మళ్ళీ మళ్ళీ పోస్తూ పోతే మన హాలులోని గాజు తొట్టి కూడా మెల్లమెల్లగా ఒక చిన్న నౌపడ అవుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాము. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి మన ఇళ్ళలో తరచు కనిపించేది. అడుగున పరచిన గులకరాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోను అందులో పట్టే నీరు దాదాపు 50 లీటర్లు. దాని ఉపరితలం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు. కనుక నీరు ఒక్క సెంటీమీటరు దిగితే 1.8 లీటర్లు పోయినట్లు. వేసవిలో మా తొట్టిలో వారానికి ఇంచుమించు మూడు సెంటీమీటర్లు దిగుతుంది, అంటే ఐదు లీటర్ల పైమాటే. ఇప్పుడు ఒక ఇంట బోరు నీటిలో లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకుందాము. అదే నీటితో తొట్టి నింపారు. వారానికి ఐదు లీటర్లు ఆవిరి కాగా మళ్ళీ ఐదు లీటర్ల బోరు నీరే పోశారు. ప్రతి వారమూ మూడు గ్రాముల లవణం కొత్తగా వచ్చి చేరుతుంది, పాతది ఎక్కడికీ పోదు. పది వారాలు తిరిగేసరికి లీటరుకు 600 ఉన్నది 1200 అవుతుంది. క్లుప్తంగా చెప్పాలంటే, పైపైన పోసిన నీరంతా కలిపి తొట్టి నీటితో సమానమైన నాటికి అందులోని లవణాలు రెట్టింపు అవుతాయి.

మనుషులు తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500 ప్రమాణంలో నిర్ణయించిన ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 2000 వరకు అనుమతి. చేపకు మనలా మరో గ్లాసు ఎంచుకునే వీలు లేదు. తాను ఈదేదీ, శ్వాసించేదీ, విసర్జించేదీ ఆ నీటిలోనే.

ఈ మార్పు మెల్లగా జరుగుతుంది కాబట్టి పాత చేపలు కొంతవరకు దానికి అలవాటు పడిపోతాయి. అందుకే కనిపించదు. అద్దం అంచున గీత వెంబడి తెల్లని గట్టి పొర ఏర్పడితే అదొక సూచన. మరొక సూచన ఇంకా బాధాకరమైనది. ఏళ్ళ తరబడి పైపైన నింపుకుంటూ వచ్చిన తొట్టిలో దుకాణం నుండి తెచ్చిన కొత్త చేపను వేస్తే అది ఒకటి రెండు రోజులలోనే చనిపోతుంది. పాతవి మాత్రం హాయిగా తిరుగుతుంటాయి. దానితో ఇంటివారు దుకాణదారును నిందిస్తారు. చాలాసార్లు తప్పు అతనిది కాదు.

కాబట్టి తగ్గిన నీటిని నింపడం వేరు, నీటిని మార్చడం వేరు. వారానికొకసారి తొట్టి నీటిలో నాలుగో వంతు తీసివేసి కొత్త నీరు పోస్తేనే పేరుకున్న లవణాలు, నైట్రేట్లు బయటకు పోతాయి. ఆ వారం మధ్యలో ఆవిరైన దానికి బదులుగా పోసే నీరు మాత్రం వీలైనంత తేలికైనదిగా, అంటే లవణాలు తక్కువగా ఉన్నదిగా ఉండాలి. ఈ రెండు అవసరాలకూ నీటిని ముందే పట్టి ఉంచుకోవడం మేలు.

కుళాయి నీటిని ఎందుకు నిలవ ఉంచాలి?

ఇక మా అమ్మాయి ప్రశ్నకు వద్దాము. కుళాయి నీటిలో క్లోరిన్ కలపడం మన ప్రాణరక్షణకే. కలరా, పచ్చకామెర్ల వంటి వ్యాధులు నీటి ద్వారా వ్యాపించకుండా ఆపేది అదే. ఇంటి కుళాయి దాకా వచ్చిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని పైన చెప్పిన ప్రమాణమే నిర్దేశిస్తుంది. మన పొట్టలోకి వెళ్ళే ఆ కాస్త క్లోరిన్ మనకు హాని చేయదు. చేప సంగతి వేరు. దాని మొప్పలలోని పలుచని పొర మీదుగా నీరు నేరుగా ప్రవహిస్తుంది, నీటిలోని ప్రాణవాయువు ఆ పొర ద్వారానే రక్తంలోకి చేరుతుంది. క్లోరిన్ ఆ పొరను కాల్చివేస్తుంది. తొట్టి నిండా నీరున్నా చేపకు ఊపిరాడదు. ఆ రాత్రి మా చేపలు పైకి తేలి నోళ్ళు తెరచినది అందుకే. దీనికి తోడు, ఫిల్టర్‌లోని స్పంజిలో నివసిస్తూ చేపల విసర్జనలోని అమ్మోనియాను మార్చివేసే మేలైన సూక్ష్మజీవులకు కూడా క్లోరిన్ శత్రువే.

ఉపాయం చాలా సులభం. వెడల్పు మూతి ఉన్న పాత్రలో నీటిని పట్టి ఒక పగలూ రాత్రీ కదలకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు గాలిలోకి పోతుంది. రెండు రోజులు ఉంచితే మరీ మంచిది. చిన్న ఎయిర్ పంపు పెట్టి బుడగలు వదిలితే ఇంకా త్వరగా పోతుంది. మూత బిగించిన ఇరుకు మూతి క్యాన్‌లో ఉంచితే మాత్రం పోవడానికి దారి ఉండదు. వాసన లేదు కదా అని నమ్మరాదు. ముక్కుకు అందని మోతాదు కూడా చేపకు ఎక్కువే. నీటి సరఫరా సిబ్బంది క్లోరోస్కోప్ అనే చిన్న పరికరంలో చుక్కల మందు కలిపి చూడటం మీరు గమనించి ఉంటారు. క్లోరిన్ ఉంటే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. అటువంటి చుక్కల మందు ఇంట ఉంచుకుంటే సందేహం తీరుతుంది.

తొందర ఉన్నవారికి అక్వేరియం దుకాణాలలో 'యాంటీ క్లోరిన్' పేరుతో మందు దొరుకుతుంది. చాలావాటిలో ఉండేది సోడియం థయోసల్ఫేట్. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు ఏడు మిల్లీగ్రాముల థయోసల్ఫేట్ పలుకులు చాలు. లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 20 లీటర్ల బకెట్టుకు కావలసినది 70 మిల్లీగ్రాములు, అంటే చిటికెలో కొంత. కొన్ని దేశాలలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడతారు. అది నిలవ ఉంచినంత మాత్రాన పోదు. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటూ చేపలు పెంచుకునే మన పిల్లలు అక్కడి నీటి సరఫరా సంస్థ ఏది కలుపుతుందో కనుక్కోవాలి. మన దగ్గర సాధారణంగా కనిపించేవి బ్లీచింగ్ పౌడరూ, క్లోరిన్ వాయువే.

బోరు నీటిలో క్లోరిన్ లేదు కదా, దానిని నేరుగా పోయవచ్చునా అని కొందరు అడుగుతారు. దానినీ నిలవ ఉంచవలసిందే. భూమి లోపలి నుండి అప్పుడే వచ్చిన నీటిలో ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. కొన్నిచోట్ల పట్టినప్పుడు తేటగా ఉన్న నీరు తెల్లవారేసరికి ఎర్రబారుతుంది. అందులో కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పుగా మారడమే దానికి కారణం. ఆ తుప్పు బకెట్టు అడుగున పేరుకోవాలే గాని చేప మొప్పలలో కాదు.

వర్షాకాలంలో నాగావళికి ఎగువ కొండల నుండి కొత్తనీరు వచ్చినప్పుడు మరో చిక్కు. మట్టి కలిసిన నీటిని తేర్చడానికి మన పెద్దలు పటిక తిప్పేవారు, లేదా కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసేవారు. తాగే నీటికి ఆ పద్ధతులు వాడుకలో ఉన్నవే. చేపల నీటిలో మాత్రం పటిక వేయరాదు. అది నీటి ఆమ్లగుణాన్ని పెంచుతుంది. రెండు రోజులు కదపకుండా ఉంచి, పైనున్న తేటను మాత్రం మగ్గుతో తీసుకుంటే చాలు.

రాగి బిందె కథ

నీటిని నిలవ ఉంచాలని తేలాక, ఏ పాత్రలో అన్న చర్చ ఇంట్లో మొదలైంది. మా అమ్మీ తన పెళ్ళినాటి రాగి బిందెను చింతపండుతో తోమి తళతళలాడించి తెచ్చారు. "రాగిలో ఉంచిన నీటికి మించిన శుభ్రం ఏముంది బేటా?" అన్నారు. మనుషుల విషయంలో ఆ మాటకు బలముంది. రాగి సూక్ష్మజీవులను చంపుతుంది. ఆ చంపే గుణమే చేపలకూ, వాటికంటే ముందుగా నత్తలకూ రొయ్యలకూ ప్రాణాంతకం. నీటిలో కరిగే రాగి అతి కొద్దిదైనా అవి తట్టుకోలేవు. అమ్మీకి ఈ సంగతి నచ్చజెప్పడానికి కొంత సమయం పట్టింది. బిందె తిరిగి వంటింట్లోకి వెళ్ళింది, మేమందరమూ అందులోని నీరే తాగుతున్నాము.

ఇత్తడి పాత్రకూ ఇదే వర్తిస్తుంది. జస్తా పూత ఉన్న రేకు బకెట్టు నుండి జింకు దిగుతుంది. కొత్తగా కట్టిన సిమెంటు తొట్టి నుండి సున్నం దిగి నీటిలో క్షారగుణం పెరుగుతుంది. నెలల తరబడి నీరు మార్చి మార్చి నానబెట్టిన తరువాతే అది పనికివస్తుంది. తాగునీటికి తగిన ప్లాస్టిక్ డ్రమ్ము గానీ, స్టీలు పాత్ర గానీ అన్నింటికంటే నయం. సంతలలో చవకగా దొరికే నీలిరంగు డ్రమ్ములను చూసి ఆశపడకండి. వాటిలో మునుపు ఏ రసాయనం ఉండేదో అమ్మేవాడికి కూడా తెలియదు. ఎంత కడిగినా ప్లాస్టిక్ తాను పీల్చుకున్నదానిని మెల్లగా వదులుతూనే ఉంటుంది. మరొక మాట, చేపల బకెట్టును చేపలకే ఉంచాలి. బట్టలు నానబెట్టిన బకెట్టు గోడలకు అంటుకుని ఉండే సబ్బు కూడా మొప్పలకు విషమే.

ఎక్కడ ఉంచాలి? డాబా మీద వద్దు. నల్లని ట్యాంకులోని నీరు వేసవి మధ్యాహ్నం చేయి పెట్టలేనంతగా కాగుతుంది. వేడి నీటిలో ప్రాణవాయువు నిలవదు. 20 డిగ్రీల వద్ద లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు పడిపోతుంది. మెట్ల కింద నీడలో, చేపల తొట్టి ఉన్న గదికి దగ్గరగా ఉంచితే రెండు నీళ్ళ వేడీ ఒకటిగా ఉంటుంది. పోసే ముందు రెండింటిలోనూ చేయి పెట్టి చూడండి. తేడా తెలియకపోతే పోయవచ్చు. పోసేటప్పుడు కూడా గుమ్మరించకుండా మగ్గుతో కొద్దికొద్దిగా పోయాలి. వెలుతురు తగలకపోతే డ్రమ్ములో నాచు కూడా పట్టదు.

శుక్రవారపు పని

ఇక్కడ ఒక వైరుధ్యం ఎదురవుతుంది. క్లోరిన్ పోవడానికి పాత్ర తెరచి ఉండాలి. తెరచి ఉన్న పాత్ర దోమకు ఆహ్వానం. డెంగ్యూను మోసే ఏడిస్ దోమ మురుగులో కాదు, ఇంట్లో నిలవ ఉన్న శుభ్రమైన నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుండి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పైగా ఆ గుడ్లను నీటి అంచున పాత్ర గోడకు అంటిస్తుంది. నీరు పారబోసినా అవి ఎండిపోయి నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీరు తగలగానే పగులుతాయి. చేపల కోసం నీరు దాచి పిల్లలకు జ్వరం తెచ్చిపెట్టడం ఏం న్యాయం?

మేము డ్రమ్ము మూతికి ఒక పాత నూలు దుపట్టాను రెండు మడతలు వేసి తాడుతో బిగించి కడతాము. గాలి ఆడుతుంది, దోమ దూరదు. రెండు రోజుల తరువాత అసలు మూత పెడతాము. వారానికొకసారి డ్రమ్మును ఖాళీ చేసి, లోపలి గోడలను కొబ్బరి పీచుతో సబ్బు లేకుండా గట్టిగా రుద్ది కడుగుతాము. ఆరోగ్యశాఖ వారు శుక్రవారాన్ని 'డ్రై డే'గా పాటించమని చెప్పడం మన ఇళ్ళకు బాగా కలిసివచ్చింది. జుమాకు ముందు గుసుల్, ఇంటి శుభ్రం ఎలాగూ ఉండే పనులే. వాటితో పాటు ఇదీ అయిపోతుంది.

కొన్ని పాత మసీదుల హౌజులలో చేపలు ఈదుతూ కనిపిస్తాయి. అవి అందం కోసం మాత్రమే కాదు, దోమపిల్లలను తినేస్తాయి. మన ఇంటి గప్పీ కూడా దోమపిల్లలను ఇష్టంగా తినే చేపే. కానీ ఇంట పెంచిన చేపలను చెరువులలో, వాగులలో వదలడం మాత్రం తగదు. తొట్టి అద్దాలకు పట్టిన నాచు తింటుందని తెచ్చి, పెద్దదయ్యాక బయట వదిలిన సక్కర్ చేప ఆంధ్రలోని చెరువులలో చేపల రైతులకు ఎంత తలనొప్పిగా మారిందో ఆ రైతులనే అడగాలి.

వాన నీరు, ఆర్వో నీరు

ఆవిరికి బదులుగా పోయడానికి తేలికైన నీరు కావాలని పైన చెప్పాము. అల్లాహ్ ఆకాశం నుండి కురిపించే నీటికంటే తేలికైనది ఏది? పది చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 100 లీటర్లు. మా తొట్టికి ఆవిరయ్యే నీటి లెక్కలో అది నాలుగు నెలలకు పైగా సరిపోతుంది. మొదటి వానలను వదిలేయాలి, అవి డాబా మీది దుమ్మునూ పిట్టల రెట్టలనూ కడుగుతాయి. ప్రతి వానలోనూ మొదటి పది నిమిషాల నీటిని పోనిచ్చి తరువాతి నీటిని పట్టి, బట్టతో వడగట్టి, చీకటిలో మూత పెట్టి ఉంచుకోవాలి. అయితే తొట్టి నీటిని మార్చేటప్పుడు కేవలం వాన నీటినే పోయరాదు. అందులో లవణాలు దాదాపు లేకపోవడం వలన నీటి ఆమ్లగుణం నిలకడ తప్పుతుంది. దానికి నిలవ ఉంచిన కుళాయి నీరే తగినది.

ఆర్వో యంత్రం నుండి వచ్చే శుద్ధజలం కూడా ఆవిరి లోటుకు మంచిదే. అయితే పొదుపు పేరిట కొందరు దాని పక్క గొట్టం నుండి వ్యర్థంగా పోయే నీటిని చేపలకు పట్టి ఉంచుతారు. ఉద్దేశం మెచ్చదగినదే. కానీ యంత్రం మన గ్లాసులోకి రానివ్వని లవణాలన్నీ ఆ నీటిలోనే ఉంటాయి. దానితో గచ్చు కడగండి, బాత్‌రూమ్‌కు వాడండి. చేపలకు మాత్రం వద్దు. ఏసీ నుండి కారే నీరు చూడటానికి స్వచ్ఛంగానే ఉంటుంది గానీ, అది రాగి గొట్టాల మీదుగా వస్తుంది. రాగి బిందెకు చెప్పినదే దానికీ వర్తిస్తుంది.

తిత్లీ నాడు

ఇంత చదివాక ఒక ప్రశ్న రావాలి. మా జిల్లాలో తాగునీటి కష్టం తెలియని ఊరు అరుదు. ఉద్దానం పల్లెలలో కిడ్నీ వ్యాధి కుటుంబాలను కుంగదీస్తున్న వేళ, మనుషులు మంచినీటి కోసం ఎదురుచూసే చోట, చేపల కోసం డ్రమ్ముల కొద్దీ నీరు దాచడం ఇస్రాఫ్ కాదా? దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరు కూడా లేని నీటితో వుజూ చేసేవారని మనము పిల్లలకు చెబుతాము. ఈ ప్రశ్నను మేము మొదట పుస్తకంలో ఎదుర్కోలేదు. తుపానులో ఎదుర్కొన్నాము.

2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. నాలుగేళ్ళ క్రితం, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను మరువకముందే మరొకటి. పలాస, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాలలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆ నష్టంతో పోలిస్తే మాకు జరిగినది చెప్పుకోదగినది కాదు. కరెంటు పోయింది. కరెంటు లేక బోరు లేదు, కుళాయి లేదు, డాబా మీది ట్యాంకు మొదటి రోజు సాయంత్రానికే అడుగంటింది. మెట్ల కింద డ్రమ్ములో మాత్రం వంద లీటర్ల నీరు ఉంది. అది చేపల నీరు.

పక్కింటి మామ్మగారు బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. మా అమ్మాయి ఒకసారి తొట్టి వైపు, ఒకసారి బిందె వైపు చూసింది. తరువాత తానే వెళ్ళి డ్రమ్ము మూత తీసింది.

ఆ నీటిని మామ్మగారికి ఇవ్వగలిగామంటే దానికి ఒకటే కారణం. అంతకు ముందు నెలలోనే యాంటీ క్లోరిన్ మందును డ్రమ్ములో కలపడం మానివేసి, తప్పనిసరైనప్పుడు తొట్టిలో పోసే బకెట్టులో మాత్రమే కలుపుతున్నాము. ఇది మా తెలివి కాదు. డ్రమ్ములో మోతాదు కుదరక విసిగి మానేశాము. కానీ ఆ రోజు డ్రమ్ములో ఉన్నది ఏ మందూ కలవని నీరు. క్లోరిన్ పోయిన నీటిలో సూక్ష్మజీవులు పెరిగే వీలుంది గనుక తాగడానికి మరిగించుకోమని చెప్పి ఇచ్చాము. గిన్నెలకు, వుజూకు మరిగించనక్కర లేదు. మా ఇంటికీ, మామ్మగారి ఇంటికీ, ఎదురింటి పసిపిల్ల తల్లికీ రెండు రోజులు ఆ డ్రమ్మే ఆధారమైంది. డెబ్బై లీటర్లు మనుషులకు పోయాయి.

మిగిలిన ముప్పై లీటర్లతో చేపలను కాపాడుకున్నాము. ఎయిర్ పంపు ఆగింది. గంటకొకసారి ఎవరో ఒకరము మగ్గుతో తొట్టి నీటినే తీసి జానెడు ఎత్తు నుండి తిరిగి అందులోకే పోసేవారము. అలా పోస్తే గాలి కలుస్తుంది. మేత పూర్తిగా ఆపాము. చేప రెండు మూడు రోజులు తినకపోయినా బతుకుతుంది, తిని విసర్జిస్తే ఆ నీరే దానికి విషమవుతుంది. ఫిల్టర్ స్పంజిని తీసి తొట్టి నీటిలోనే తేలేటట్లు ఉంచాము, మూసిన డబ్బాలో ఉంటే అందులోని మేలైన సూక్ష్మజీవులు ఊపిరాడక చస్తాయి. రెండో రోజు రాత్రి కరెంటు వచ్చింది. ఒక్క చేప కూడా చనిపోలేదు.

అప్పటి నుండి మా ఇంట నీరు నిలవ చేయడంలో కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. డ్రమ్ములో ఏ మందూ కలపము. మనిషి వాడుకోగలిగినంత శుభ్రంగా ఉంచుతాము. మామూలు రోజులలో నీటి మార్పిడికి పన్నెండు లీటర్లు, ఆవిరికి ఐదు లీటర్లు, వెరసి వారానికి పదిహేడు లీటర్లు చేపలకు కావాలి. అందుకు యాభై లీటర్ల డ్రమ్ము చాలు. అక్టోబరు, నవంబరు నెలలలో మాత్రం వంద లీటర్ల డ్రమ్మును నింపి ఉంచుతాము. శుక్రవారం డ్రమ్ము కడిగేటప్పుడు మిగిలిన నీటిని పారబోయము, గిన్నెలకూ బట్టలకూ వాడేస్తాము. తొట్టి నుండి తీసిన పాత నీరు పెరటిలోని కరివేపాకుకూ మల్లెకూ పోతుంది. చేపల విసర్జన కలిసిన ఆ నీటిలోని నైట్రేట్లు తొట్టిలో చేపలకు భారం, మొక్కలకు ఎరువు. మా మల్లె ఈ నీటికి అలవాటు పడి వీధిలో ఎవరి మల్లె కంటే ముందే పూస్తోందని అమ్మీ నమ్మకం. మేము కాదనలేదు.

ఇస్రాఫ్ ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇంతే. తొట్టిని పెద్దది చేయలేదు. చేపల సంఖ్య పెంచలేదు. ఒక పిల్లిని బంధించి, తిండి పెట్టక, తానుగా వెదుక్కోనివ్వక చంపిన స్త్రీకి పడిన శిక్ష గురించి హదీసులో ఉంది. గాజు గోడల మధ్య ఉంచిన చేపకు తనంతట తాను వెదుక్కోవడానికి నీరు కూడా ఉండదు. దానిని తెచ్చుకున్నది మనము. వారానికి ఆ పదిహేడు లీటర్లు ఇవ్వలేని ఇల్లు తొట్టి తెచ్చుకోకపోవడమే మంచిదని మా అభిప్రాయం. పిల్లలు ఎంత మారాం చేసినా సరే.

గీతను మా అమ్మాయి రెండుసార్లు తిరగ గీసింది, మొదటిది తుడుచుకుపోయింది. ఏటా అక్టోబరులో వాయుగుండం మాట టీవీలో వినబడగానే పక్కింటి మామ్మగారు గోడ మీది నుండి పిలుస్తారు. ముందుగా మా క్షేమం అడగరు.

"ఏమమ్మా, మీ చేపల డ్రమ్ము నిండిందా?" అంటారు.